చెవిలో మిగిలిపోయిన యుద్ధం

యుద్ధభూమిలో కాలు పోగొట్టుకుని వచ్చిన సైనికుణ్ణి ఆ కాలు ఎక్కడ పోయిందో రుజువు చేయమని ఎవరూ నిలదీయరు. వినికిడి పోగొట్టుకున్నవాణ్ణి మాత్రం అడుగుతారు. ఎప్పుడు పోయింది, ఎలా పోయింది, కాగితమేది అని అడుగుతారు. అమెరికాలో మాజీ సైనికుల సంక్షేమశాఖ పరిహారం చెల్లిస్తున్న వైకల్యాలన్నింటిలోనూ ఏళ్ల తరబడి మొదటిస్థానం ‘టిన్నిటస్’ది, అంటే చెవిలో ఎడతెగని హోరుది. వినికిడి లోపం కూడా ఆ జాబితాలో పైవరసలోనే ఉంది. హోరుకు పరిహారం పొందుతున్నవారే లక్షల సంఖ్యలో ఉన్నారు. ఇంతమందికి ఇస్తున్నారు కదా, ఇక సమస్యేమిటని అనిపించవచ్చు. దరఖాస్తు తిరస్కరణకు గురై ఏళ్లతరబడి అప్పీళ్ల చుట్టూ తిరిగేవారిది మరో లోకం.

ఈ గాయం స్వభావమే అలాంటిది. రోజుకు ఎనిమిది గంటలు 85 డెసిబెళ్ల శబ్దంలో పనిచేస్తేనే చెవికి ముప్పని నిపుణులు లెక్కగట్టారు. రైఫిల్ పేలినప్పుడు కాల్చినవాడి చెవి దగ్గర శబ్దం 150 డెసిబెళ్లు దాటుతుంది. ఫిరంగులు, హెలికాప్టర్లు, యుద్ధనౌకల ఇంజన్ గదుల సంగతి సరేసరి. లోపలి చెవిలో ఉండే సన్నని కేశకణాలు ఒకసారి నశిస్తే మళ్లీ మొలవవు. ముందుగా దూరమయ్యేవి సన్నని, హెచ్చుస్థాయి శబ్దాలు. అందుకే ఎదుటివారి గొంతు వినిపిస్తుంది, మాట మాత్రం తెలియదు. ‘ఈయన కావాలనే విననట్టు ఉంటాడు’ అని ఇంట్లోవాళ్లు విసుక్కునేది ఇందువల్లే. ఇదంతా ఒక్కరోజులో జరగదు. పాతికేళ్లప్పుడు సైన్యం నుంచి ఇంటికొచ్చినవాడికి లోపం నలభై ఐదేళ్లకు బయటపడవచ్చు. అప్పుడు వెళ్లి అడిగితే, ‘నువ్వు సర్వీసు వదిలిన రోజున నీ చెవులు బాగానే ఉన్నాయి’ అంటుంది ఫైలు.

ఆ ఫైలు ఎంత నమ్మదగినదో చూద్దాం. పాత తరం సైనికులకు విడుదల సమయంలో చేసిన పరీక్ష ఏమిటంటే, పదిహేను అడుగుల దూరంలో నిలబడి గుసగుసగా మాట్లాడటం. వినిపిస్తే ‘పదిహేనుకు పదిహేను’ అని రాసేవారు. హెచ్చుస్థాయి శబ్దాల లోపాన్ని పట్టుకోవడం ఆ పరీక్షవల్ల అయ్యే పని కాదు. ఇక ఫైలే లేనివారి మాటేమిటి? 1973 జూలై 12న సెయింట్ లూయిస్‌లోని సైనిక రికార్డుల భవనంలో అగ్నిప్రమాదం జరిగింది. కోటీ అరవై లక్షలకు పైగా ఫైళ్లు నాశనమయ్యాయి. 1912 నుంచి 1960 మధ్య విడుదలైన ఆర్మీ సిబ్బంది రికార్డుల్లో 80 శాతం అందులో పోయాయి. కాలిపోయిన కాగితానికి సైనికుణ్ణి బాధ్యుణ్ణి చేయడం ఎక్కడి న్యాయం?

చట్టం మాత్రం కఠినంగా ఏమీ లేదు. సాక్ష్యం ఇరువైపులా సమానంగా తూగితే సందేహఫలం సైనికుడికే దక్కాలని అందులో స్పష్టంగా ఉంది. విడుదల నాటి పరీక్షలో లోపం కనబడనంత మాత్రాన దరఖాస్తును తోసిపుచ్చరాదని 1993లో హెన్స్‌లీ కేసులో కోర్టు తేల్చింది. స్వయంగా యుద్ధంలో పాల్గొన్నవాడైతే, ఫలానా పేలుడు జరిగిందన్న అతని మాటే చాలు. భార్య, తోటి సైనికులు రాసిచ్చే వాంగ్మూలాలూ సాక్ష్యమే. అయితే నెగ్గినవారికి దక్కేది కూడా కొద్దే. హోరుకు గరిష్ఠంగా పదిశాతం రేటింగు ఇస్తారు. 2025లో దాని విలువ నెలకు 175 డాలర్ల చిల్లర. వినికిడి లోపానికైతే చాలామందికి ‘సున్నా శాతం’ రాస్తారు. లోపం సైనిక సేవవల్లే వచ్చిందని ఒప్పుకున్నట్టే, డబ్బు మాత్రం రాదు. వినికిడి యంత్రం ఉచితంగా దొరుకుతుంది, అది చిన్న మేలేమీ కాదు.

మూడున్నర అంగుళాల రక్షణ సాధనం కూడా కాని ఒక ఇయర్‌ప్లగ్ ఈ మధ్యకాలంలో పెద్ద వ్యాజ్యానికి దారితీసింది. ఇరాక్, అఫ్ఘానిస్థాన్ యుద్ధాలకాలంలో 3ఎం కంపెనీ సరఫరా చేసిన చెవిబిరడాలు పొట్టిగా ఉండి, తెలియకుండానే వదులైపోతాయని, ఆ సంగతి ప్రభుత్వానికి చెప్పలేదని ఆరోపణ. 2018లో ప్రభుత్వానికి 91 లక్షల డాలర్లు చెల్లించి కంపెనీ రాజీపడింది. తర్వాత రెండు లక్షలకు పైగా సైనికులు, మాజీ సైనికులు కోర్టుకెక్కారు. 2023 ఆగస్టులో సుమారు 600 కోట్ల డాలర్లకు ఒప్పందం కుదిరింది. తప్పు మాత్రం కంపెనీ ఒప్పుకోలేదు. అంతకు ముందు ఏడాది, 2022లో, హోరుకు విడిగా రేటింగు ఇవ్వడం మానేసి దానిని వేరే జబ్బు లక్షణంగానే పరిగణించాలని సంక్షేమశాఖ ప్రతిపాదించింది. ఇప్పటికే పొందుతున్నవారికి కోత ఉండదని చెప్పింది. మరి రేపు అడగబోయేవారి సంగతో?

మిలటరీ మాధవరం వంటి ఊళ్లున్న మనకూ ఇది పరాయి విషయం కాదు. మన దగ్గర సర్వీసు పూర్తిచేసుకుని వచ్చేవారికి డిజేబిలిటీ పెన్షన్ రావాలంటే లోపం సైనిక సేవవల్ల కలగాలి లేదా ముదరాలి, పైగా 20 శాతానికి తగ్గకూడదు. మెల్లగా పెరిగే చెవుడు విడుదలనాటికి ఆ గీత దాటకపోవచ్చు. చేరేటప్పుడు రికార్డులో ఏ జబ్బూ రాయలేదంటే ఆరోగ్యంగా చేరినట్టేనని, అనారోగ్యంతో పంపేస్తే అది సేవవల్ల వచ్చినదిగానే భావించాలని, కాదనేవారే రుజువు చేయాలని ధరమ్‌వీర్ సింగ్ కేసులో 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. అది మూర్ఛవ్యాధి కేసు. సూత్రం చెవులకూ వర్తిస్తుంది. తిరస్కరిస్తే అప్పీలు చేసుకోవచ్చు, ఆపైన 2007 చట్టంతో ఏర్పడిన సాయుధదళాల ట్రిబ్యునల్ ఉంది. ఇంటికి వచ్చే తొందరలో విడుదల మెడికల్ బోర్డు కాగితాలపై సంతకం చేసే జవాను, ముందుగా ఆడియోగ్రామ్ తీయించమని అడిగి, దాని నకలు వెంట తెచ్చుకుంటే ఆ ట్రిబ్యునల్ ముందు చూపించడానికి చేతిలో ఒక కాగితమైనా ఉంటుంది.