ఆడవాళ్లు అరుదైన చోట

కాలిఫోర్నియా బంగారు వేట గురించి చదివినప్పుడల్లా ఒక మాట ఎదురవుతుంది: అక్కడ ఆడవాళ్లు అరుదు, అందుకే వాళ్లకి ఎంతో గౌరవం. 1848లో బంగారం బయటపడేనాటికి ఆ నేలమీద సుమారు 1,50,000 మంది ఆదివాసులున్నారు. వాళ్లలో ఆడవాళ్లు లేరా? 1870 నాటికి మిగిలింది దాదాపు 30,000. 1850 నాటి చట్టం వాళ్ల పిల్లల్ని తెల్లవాళ్ల ఇళ్లల్లో వెట్టికి అప్పగించింది. అరుదైనది తెల్ల స్త్రీ. లెక్కలో ఉన్నదీ ఆమే.

1851 జూలై 4 రాత్రి డౌనీవిల్‌లో ఫ్రెడరిక్ కానన్ అనే గనికార్మికుడు ఒక మెక్సికన్ స్త్రీ ఇంటి తలుపు విరగ్గొట్టాడు. తెల్లారి నిలదీస్తే బూతులు తిట్టాడు. ఆమె కత్తితో పొడిచింది. ఆ రోజే గుంపు విచారణ జరిపి వంతెన మీద ఉరితీసింది. అతని పేరు నిక్షేపంగా ఉంది. ఆమె ఒకచోట జోసెఫా, ఇంకోచోట జువానిటా.

బ్రెట్ హార్ట్ 1868లో రాసిన 'ది లక్ ఆఫ్ రోరింగ్ క్యాంప్'ని మురిసిపోతూ చదివాం. నేనైతే పాఠం కూడా చెప్పాను, సిగ్గు లేకుండా. గనుల శిబిరంలో ఒకే ఒక్క స్త్రీ చెరోకీ శాల్. ఆమె పురిట్లోనే చనిపోతుంది. ఆ బిడ్డని సాకుతూ మగవాళ్లంతా మంచివాళ్లైపోతారు. ఆమె బతికుంటే కథ నడవదు.

డౌనీవిల్‌లో ఉరితీయబోతున్న స్త్రీ గర్భవతి అని ఒక డాక్టరు చెప్పాడు. ఆ మంచివాళ్లు ఆమెని ఆ పూట కూడా దాటనివ్వలేదు.