ఆదివారం ఎవరిది?

క్రాంజీ ఎంఆర్‌టీ స్టేషన్‌లో దిగి, ఉడ్‌ల్యాండ్స్ రోడ్డు వెంట కాసేపు నడిస్తే ఒక చిన్న గుట్ట వస్తుంది. గుట్ట నిండా వరసలు వరసలుగా తెల్లని సమాధి రాళ్ళు. అదే క్రాంజీ యుద్ధ స్మారకం. మొన్న ఫిబ్రవరిలో, చర్చి అయ్యాక, మా అబ్బాయిని తీసుకుని వెళ్ళాను. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ వాళ్ళ చేతికి చిక్కింది. ఏటా ఆ రోజుల్లో ఇక్కడి స్కూళ్ళలో దాని గురించి పిల్లలకు చెబుతారు, ప్రాజెక్టులు ఇస్తారు.

మీలో క్రాంజీ వైపు వెళ్ళనివాళ్ళు ఒక్కసారి వెళ్ళిరండి. యుద్ధఖైదీలు చనిపోయిన తోటివాళ్ళ కోసం వేసుకున్న చిన్న శ్మశానమే తర్వాత ఇంత పెద్దదైంది. ఇప్పుడు 4,400కు పైగా సమాధులున్నాయి. వాటిలో 850కి పైగా రాళ్ళ మీద పేర్లే లేవు. గుట్ట పైన గోడల మీద మాత్రం సమాధి కూడా దొరకని 24,000 మందికి పైగా పేర్లున్నాయి. మన దేశం నుంచి వచ్చిన సైనికుల పేర్లు వరసగా చదువుతుంటే గొంతు పట్టేసింది. తమ మతాచారం ప్రకారం దహనం చేసిన సుమారు 800 మందికి అక్కడే వేరే స్మారకం ఉంది. వాళ్ళలో ఎక్కువమంది మన దేశం వాళ్ళే.

మా వాడి ప్రాజెక్టు ఎలిజబెత్ చోయ్ గురించి. ఆవిడ టీచరు, మంచి విశ్వాసి. జపాన్ వాళ్ళ ఏలుబడిలో భర్తతో కలిసి ఒక ఆసుపత్రిలో క్యాంటీన్ నడుపుతూ, చాంగీ జైల్లో ఉన్నవాళ్ళకు మందులు, డబ్బు, ఉత్తరాలు రహస్యంగా పంపేవారు. 1943 అక్టోబరు 10న మొదలైన అరెస్టుల్లో ముందు భర్తను తీసుకుపోయారు. ఆయన కోసం అడగడానికి వెళ్ళిన ఈవిడనూ నవంబరులో పట్టుకున్నారు. వైఎంసీఏ భవనాన్నే జపాన్ మిలిటరీ పోలీసులు ఠాణాగా మార్చారు. అక్కడ మగ ఖైదీల మధ్య ఇరుకు గదిలో దాదాపు 200 రోజులు ఉంచారు. కొట్టారు, కరెంటు షాకులు ఇచ్చారు. యుద్ధం ముగిశాక, నిన్ను హింసించినవాళ్ళ పేర్లు చెప్పు, మరణశిక్ష వేయిస్తాం అంటే ఆవిడ చెప్పలేదు. యుద్ధమే లేకపోతే వాళ్ళూ నాలాగే తమ ఇళ్ళలో, తమవాళ్ళ మధ్య ఉండేవారు అన్నారట.

ఇదంతా మా వాడికి గుట్ట మీద నిలబడి ఎంతో బాగా చెప్పాను. క్షమాపణ అంటే ఇదిరా, విశ్వాసం అంటే ఇదిరా అని కూడా అన్నాను. ఆ తర్వాత ఇంటికొచ్చాం.

మా ఇంట్లో పనిచేసే అమ్మాయిది మిజోరం. మన దేశం పిల్లే, మనలాగే దేవుణ్ణి నమ్ముకున్నది. వాళ్ళ ఊళ్ళో ఆదివారమంటే ఇల్లిల్లూ గుడికి కదలాల్సిందేనట. ఆ శుక్రవారమే, "మేడమ్, ఈ ఆదివారం మా కూడికకు వెళ్ళొచ్చా?" అని అడిగింది. సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన ఉంది, పద్దెనిమిది మంది భోజనానికి వస్తున్నారు. "ఈ వారం కాదమ్మా, డబ్బులిస్తాలే" అన్నాను. అలా అనడం అది మొదటిసారి కాదు.

నేను తలుపు తీసేసరికి తను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. రైస్ కుక్కర్‌కి ఆనించి ఫోను పెట్టుకుంది. అందులో వాళ్ళ భాషలో ఆరాధన వస్తోంది, సౌండు బాగా తగ్గించి. తనూ మెల్లగా పాడుతోంది. నన్ను చూడగానే టక్కున ఆపేసింది.

పొద్దున నేను చర్చిలో ముందు వరసలో కూర్చుని రెండు చేతులూ ఎత్తి పాడాను. నన్నెవరూ ఆపలేదు.

చట్టం ప్రకారం నేను చేసినదాంట్లో తప్పులేదు. ఇక్కడ 2013 నుంచి ఇంటి పనివాళ్ళకు వారానికో సెలవు ఇవ్వాలి. ఇద్దరికీ ఒప్పుదలైతే దాని బదులు డబ్బు ఇవ్వొచ్చు. 2023 జనవరి నుంచి మాత్రం నెలకు ఒక్క రోజైనా డబ్బుతో సరిపెట్టకుండా ఇచ్చి తీరాలి. నేను సరిగ్గా ఆ ఒక్క రోజే ఇస్తున్నాను. మిగతావన్నీ కొనేసుకుంటున్నాను. "తను ఒప్పుకుంది కదా" అని మనసుకు సర్దిచెప్పుకునేదాన్ని. తన పర్మిట్ నా చేతిలో ఉన్నప్పుడు, ఊళ్ళో తమ్ముడి ఫీజు నేనిచ్చే జీతంతో నడుస్తున్నప్పుడు, కాదనే ధైర్యం ఎక్కడ నుంచి వస్తుంది?

ఆ రాత్రి అందరూ వెళ్ళాక బైబిలు తీసి ద్వితీయోపదేశకాండము అయిదో అధ్యాయం చదివాను. విశ్రాంతి దినం గురించిన ఆజ్ఞ సండే స్కూల్లోనే కంఠతా పట్టాను. కానీ అందులో నువ్వూ నీ పిల్లలూ మాత్రమే కాదు, నీ ఇంట్లో పనిచేసేవాళ్ళూ నీలాగే విశ్రమించాలని ఉంది. నువ్వూ ఒకప్పుడు పరాయి దేశంలో బానిసవేనని గుర్తు కూడా చేస్తుంది. పరాయి దేశంలో ఉన్న మనకు ఇంతకంటే సూటిగా ఎవరు చెబుతారు?

ఎలిజబెత్ చోయ్ గారికి పడిన కష్టం మనకెవరికీ పడలేదు, పడకూడదు కూడా. కానీ ఒకరోజు ఆవిడ చేతికీ అధికారం వచ్చింది. ఆవిడ దాన్ని వాడలేదు. మన చేతికి అంత పెద్ద అధికారం రాదు. పనమ్మాయి సెలవు, జీతం ఇచ్చే తేదీ, మిగిలిన కూర ఎవరి కంచంలోకి వెళ్తుందన్నది, ఇంతే. మన సాక్ష్యం మైకు ముందు కంటే అక్కడే బయటపడుతుందని నాకు ఆలస్యంగా తెలిసింది.

మర్నాడు తనని కూర్చోబెట్టి, "నీతో మాట్లాడాలి" అన్నాను. ముఖం పాలిపోయింది. "మేడమ్, నన్ను పంపించేస్తున్నారా?" అంది. నేను క్షమాపణ అడగబోతుంటే తనకు భయమేసింది. అన్నాళ్ళూ మా మధ్య ఉన్నదేమిటో ఆ ఒక్క మాటలో అర్థమైంది. క్షమించమని అడిగాను. ఇకమీదట ప్రతి ఆదివారం నీదే, ఎప్పుడైనా నీ అంతట నువ్వే పనిచేస్తానంటే తప్ప, అని చెప్పాను. "ఓకే మేడమ్" అంది. నమ్మినట్టు అనిపించలేదు. నమ్మడానికి నాలుగైదు వారాలు పట్టింది.

ఇది తేలిగ్గా ఏమీ జరగలేదు. శనివారం రాత్రే గిన్నెలు, బట్టలు ముగించాలి. ఆదివారం ప్రార్థన భోజనం ఇప్పుడు పులిహోర, పెరుగన్నం, వచ్చేవాళ్ళు తలో కూర తెస్తారు. మా ఆయన కొన్నాళ్ళు సణిగారు, ఇప్పుడు గిన్నెలు తోముతున్నారు. "ఇలా అలవాటు చేస్తే నెత్తికెక్కుతారు వదినా" అని ఒకావిడ అంటే మాత్రం నేను నవ్వి ఊరుకున్నాను. అక్కడ నోరు విప్పాల్సింది. ఆ ధైర్యం ఇంకా రాలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మీరు ఏ దేవుణ్ణి కొలిచేవారైనా, దుబాయ్‌లో ఉన్నా, కువైట్‌లో ఉన్నా, ఇక్కడే ఉన్నా, ఒక్కసారి చూసుకోండి: మీరు పూజలోనో ప్రార్థనలోనో ఉన్నప్పుడు మీ వంటింట్లో ఎవరున్నారు?

మొన్న ఆదివారం ఇద్దరం ఒకేసారి బయల్దేరాం. తను తలారా స్నానం చేసి, వాళ్ళ పువాన్ కట్టుకుని లిఫ్టు దగ్గర నిలబడింది. ఆ ఎర్రచారల బట్ట ఇన్నాళ్ళూ పెట్టెలోనే ఉందట. "ఎంత బాగుందో" అన్నాను. సిగ్గుపడి నవ్వింది. లిఫ్టులో కిందికి దిగుతూ తన ఫోను తీసి ఒక పాట పెట్టింది. ఈసారి సౌండు తగ్గించలేదు.