టర్బో కారుకు ట్రాక్టరు అలవాట్లు

యాసంగి వడ్లు తూకమై డబ్బు ఖాతాలో పడిన నెలలో శంకరంపేట రోడ్డు మీద పాత కార్లు కొత్తగా కనబడతాయి. పెద్ద శంకరంపేట అనుకోండి, చిన్న శంకరంపేట అనుకోండి, రెండు చోట్లా ఇదే తంతు. రెండెకరాలు, మూడెకరాలు ఉన్న రైతు అప్పో సప్పో చేసి సెకండ్ హ్యాండ్ డీజిల్ కారు తెస్తున్నాడు. తప్పు పట్టడానికి లేదు. రాత్రిపూట ఆస్పత్రికి పోవాలన్నా, నాలుగు బస్తాల కూరగాయలు అంగడికి చేర్చాలన్నా, ఇంటిల్లిపాదీ పెళ్లికి కదలాలన్నా బండి అక్కరే. కానీ ఏడాది తిరిగేసరికి అందులో కొన్ని చింతచెట్టు కింద కవరు కప్పుకొని ఉంటున్నాయి. అడిగితే "ఇంజన్ పోయింది" అనే మాట తప్ప వేరే వివరం రాదు. ఇంజన్ ఊరికే పోదు. ఎట్లా పోయిందో తెలుసుకోకపోతే రెండోసారి కొన్నదీ అదే దారి పడుతుంది.

మన పల్లెల్లోకి వచ్చిన పాత డీజిల్ కార్లలో ఎక్కువ వాటికి ఉన్నది ఒకే ఇంజన్. ఇటలీ ఫియట్ కంపెనీ 2003లో తెచ్చిన 1.3 లీటర్ మల్టీజెట్ అది. మారుతి 2007లో స్విఫ్ట్‌లో, తర్వాత డిజైర్, రిట్జ్‌లలో దీన్నే డీడీఐఎస్ పేరుతో పెట్టింది. టాటా వారు ఇండికా విస్టా, మాంజాలలో క్వాడ్రాజెట్ అన్నారు. పేర్లు మూడు, లోపలి సరుకు ఒకటే. దేశంలో ఇన్ని కంపెనీల కార్లలో ఇదే ఉండటంతో దీనికి జాతీయ ఇంజన్ అని ముద్దుపేరు కూడా వచ్చింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు రావడంతో ఇక్కడ తయారీ ఆగిపోయింది. అంటే మనకు దొరికే వాటిలో ఏ ఒక్కటీ కొత్తది కాదు.

కొలతలు చూస్తే ముచ్చటేస్తుంది. నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు, మొత్తం 1248 సి.సి. బోరు 69.6 మిల్లీమీటర్లు, స్ట్రోకు 82. ఇంత చిన్నదాని శక్తి 75 హార్స్ పవర్, లాగుడు 190 న్యూటన్ మీటర్లు. మన పొలం దున్నే 39 హార్స్ పవర్ ట్రాక్టరు ఇంజన్ చూడండి, దాదాపు రెండు లీటర్లుంటుంది. అప్పట్లో మన రోడ్ల మీద జనాన్ని కుక్కుకొని తిరిగిన మహీంద్రా జీపుల్లోని ప్యుజో ఇంజన్ 2112 సి.సి., దానికి టర్బో లేదు. ఆ జీపు ఇంజన్ ఎంత మొరటు పనైనా తట్టుకునేది, ఊళ్లో మేస్త్రీ పానా పట్టుకుంటే నడిచేది. చిన్న ఇంజన్ నుంచి ఇంత శక్తి పిండాలంటే గాలిని బలవంతంగా కుక్కాలి, డీజిలును బలవంతంగా చిమ్మాలి. కష్టమంతా అక్కడే ఉంది.

టర్బో అంటే పొగగొట్టంలోంచి పోయే వేడి గాలితో తిరిగే ఒక చిన్న చక్రం. అది నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. అంత వేగంలో దాని ఇరుసు ఇనుము మీద ఆనుకోదు, పలుచని ఆయిల్ పొర మీద తేలుతుంది. హైవే మీద నలభై కిలోమీటర్లు తోలుకొచ్చి, ఇంటి ముందు ఆపీ ఆపకముందే తాళం తిప్పేస్తే ఆయిల్ పంపు ఆగిపోతుంది. టర్బో మాత్రం ఎర్రగా కాలుతూ ఉంటుంది. అందులో మిగిలిన ఆయిల్ పెనం మీద నూనెలా మాడి బొగ్గవుతుంది. ఇట్లా వంద సార్లయితే ఆయిల్ వచ్చే సన్నని దారులు మూసుకుపోతాయి. తోలి వచ్చాక ఒక్క నిమిషం ఇంజన్‌ను నెమ్మదిగా నడవనిచ్చి ఆపితే చాలు. పొద్దున స్టార్ట్ చేసినప్పుడూ అర నిమిషం ఆగి కదలాలి. "డీజిలు దండగ" అంటారు మనవాళ్లు. నిమిషంలో కాలే డీజిలు ఒక గుక్కెడు కూడా ఉండదు.

ఇక ఆయిల్. ఈ ఇంజన్‌లో పట్టేది మూడు లీటర్ల పైచిలుకు మాత్రమే. అందులో లీటరు తగ్గితే మూడో వంతు పోయినట్టే. పైగా కంపెనీ చెప్పేది పలుచని 5డబ్ల్యు-30 రకం. మనం ట్రాక్టరు కోసం తెచ్చిన చిక్కటి ఆయిల్ డబ్బాలో మిగిలిందని ఇందులో పోస్తాం. చలికాలం పొద్దున అది పైదాకా ఎక్కడానికి ఆలస్యమవుతుంది. ఆ కొద్ది సేపట్లోనే టర్బో, టైమింగ్ చైను రెండూ దెబ్బ తింటాయి. ఒక రైతు నాతో అన్నాడు: "ఆయిల్ ఇంకా నల్లగ కాలేదు సార్, ఎందుకు మార్చుడు?" డీజిల్ బండిలో కొత్త ఆయిల్ కూడా పోసిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. రంగు చూసి తీర్పు చెప్పడం కుదరదు. కిలోమీటర్లు చూడాలి, లేదా ఏడాదికొకసారి తప్పనిసరిగా మార్చాలి. వారానికోసారి గేజీ కడ్డీ తీసి చూడటం మరవొద్దు.

టైమింగ్ చైను గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. ఈ ఇంజన్ చచ్చేది చాలాసార్లు దీనివల్లే. ఇందులో బెల్టు లేదు, సన్నని ఇనుప చైను ఉంటుంది. చైను గనుక మార్చే పని లేదని అమ్మేవాడు చెబుతాడు. అది సగం నిజం. ఆ చైనును బిగువుగా పట్టి ఉంచేది ఆయిల్ ఒత్తిడితో పనిచేసే టెన్షనర్. ఆయిల్ తగ్గినా, పాడైనా చైను సాగుతుంది, వదులవుతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గలగలమని చప్పుడు వచ్చి ఆగిపోతే అదే మొదటి కబురు. "వేడెక్కితే పోతది లే" అని వదిలేస్తే ఒకనాడు చైను ఒక పన్ను దాటుతుంది. వాల్వులు పోయి పిస్టన్లకు కొట్టుకుంటాయి, రాకర్లు విరుగుతాయి. చప్పుడు విన్ననాడే చైను సెట్టు మార్చిస్తే అయ్యే ఖర్చు వేరు, ఇంజన్ పైభాగం మొత్తం విప్పితే అయ్యే ఖర్చు వేరు.

రైతు ఇంట్లో మాత్రమే జరిగే తప్పు ఇంకొకటుంది. ట్రాక్టరు కోసం డ్రమ్ములో తెచ్చి పెట్టుకున్న డీజిలును అవసరానికి కారులో పోయడం. ఈ ఇంజన్‌లో డీజిలు వెయ్యి బార్లకు పైన ఒత్తిడితో చిమ్ముతుంది. మన కారు టైరులో గాలి రెండు బార్లు. ఆ లెక్కన అయిదు వందల రెట్లు. ఇంజెక్టరు రంధ్రాలు వెంట్రుక మందంలో ఉంటాయి. డ్రమ్ము అడుగున చేరిన నీటి చుక్క, తుప్పు రేణువు, ఎవరో కలిపిన కిరోసిన్, ఇవన్నీ వాటికి విషమే. పాత ట్రాక్టరు ఆ డీజిలును తాగి నల్ల పొగ వదిలి ఊరుకుంటుంది. కారు ఊరుకోదు. డీజిల్ ఫిల్టరు కింద నీళ్లు తీసే మర ఉంటుంది, వానాకాలంలో దాన్ని విప్పించి చూసుకోవాలి.

మిగతావి చిన్నవి. నల్ల పొగ వచ్చి, బండి లాగక, ఈల వేసినట్టు చప్పుడు వస్తే టర్బో గాలి పైపు చిట్లి ఉండొచ్చు, అది చవక పని. ఎప్పుడూ ఊళ్లోనే మెల్లగా తిరిగే బండికి ఇజిఆర్ వాల్వులో మసి పేరుకుంటుంది. నీలం పొగ వస్తే మాత్రం భయపడాలి, ఆయిల్ కాలుతున్నట్టు. టర్బో సీలు పూర్తిగా పోతే ఇంజన్ తన ఆయిల్‌నే తాగుతూ తాళం తీసినా ఆగకుండా పెద్ద చప్పుడుతో పరుగెడుతుంది. అప్పుడు బానెట్ ఎత్తి చేయి పెట్టొద్దు. బ్రేకు గట్టిగా తొక్కి, టాప్ గేరు వేసి, క్లచ్ వదిలేయాలి. ఇంజన్ కుదుపుతో ఆగుతుంది.

ఇన్ని చెప్పాక అసలు లెక్కకు వద్దాం. డీజిల్ కారు కొనడానికి ఒకప్పుడు కారణం ఉండేది. 2012 ప్రాంతంలో పెట్రోలుకు, డీజిలుకు లీటరుకు ముప్పై రూపాయల దాకా తేడా ఉండేది. 2014 అక్టోబరులో డీజిల్ ధర మీద నియంత్రణ ఎత్తేశాక ఆ తేడా కరిగిపోయింది. రోజుకు ఇరవై కిలోమీటర్లు తిరిగే రైతును తీసుకోండి. ఏడాదికి 7,200 కిలోమీటర్లు. డీజిల్ బండి లీటరుకు 18 ఇస్తే 400 లీటర్లు, పెట్రోలు బండి 15 ఇస్తే 480 లీటర్లు. డీజిలు 96, పెట్రోలు 107 అనుకుంటే ఏడాదికి మిగిలేది పదమూడు వేలు. నాలుగు ఇంజెక్టర్లు, ఒక టర్బో కొత్తవి వేయిస్తే ఇట్లా మూడు నాలుగేళ్లు మిగిలింది ఒక్కరోజులో పోతుంది. నా అభిప్రాయం దాచుకోను. నెలకు వెయ్యి, పన్నెండు వందల కిలోమీటర్లు తిరగని సన్నకారు రైతుకు పాత టర్బో డీజిల్ వద్దు. పాత పెట్రోలు బండి చాలు.

చవకగా వచ్చిందని ఆశపడేవారు ఒకటి గమనించాలి. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ ప్రాంతంలో తిరగరాదని హరిత ట్రిబ్యునల్ 2015లో చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. 2025లో కొంత సడలింపు వచ్చినా, ఈ మధ్య ఏళ్లలో అక్కడి బండ్లు ఎన్‌ఓసీలతో దేశం నలుమూలలకూ చేరాయి. అట్లాంటి బండికి మన రాష్ట్రంలో మళ్లీ రిజిస్ట్రేషన్, లైఫ్ టాక్స్ కట్టాలి. పదిహేనేళ్లు నిండితే ఆర్సీ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి అయిదు వేలయింది, గ్రీన్ టాక్స్ అదనం. ఇవన్నీ కలిపాక అది చవక బండి అవుతుందో లేదో కాగితం మీద వేసి చూసుకోవాలి.

ప్రభుత్వాన్ని కూడా ఒక మాట అడగాలి. 2023 జనవరి నుంచి 50 హార్స్ పవర్ దాటిన కొత్త ట్రాక్టర్లకు పొగ నిబంధనలు కఠినమయ్యాయి. వాటిలోకి కామన్ రైలు, సెన్సర్లు వచ్చాయి. వరికోత మిషన్లలో టర్బో ఎప్పుడో వచ్చింది. కారు కొనకపోయినా రైతు ఈ ఇంజన్ల నుంచి తప్పించుకోలేడు. మండలాల్లో షెడ్డు నడుపుకునే మేస్త్రీకి మాత్రం స్కానర్ లేదు, నేర్పేవారూ లేరు. చెవితో విని, అనుభవంతో ఊహించి ఒక్కో పార్టూ మారుస్తాడు. ఆ ఊహకు డబ్బు కట్టేది రైతు. ఐటిఐలలో డీజిల్ మెకానిక్ ట్రేడ్ ఎప్పటినుంచో ఉంది. ఇప్పటికే పనిచేస్తున్న మేస్త్రీలకు అక్కడే ఆదివారాలు నెల రోజుల తరగతి పెట్టడానికి కొత్త భవనం అక్కర్లేదు. కొత్త జీవోలు కూడా పెద్దగా అక్కర్లేదు.

అయినా డీజిల్ కారే కొంటానంటే, చూడటానికి తెల్లవారకముందే పోండి. వస్తున్నట్టు ముందు చెప్పకండి. పోగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. చల్లగా ఉంటే ఎదుటే స్టార్ట్ చేయించి ఆ మొదటి మూడు సెకన్ల చప్పుడు వినండి, వెనక్కి పోయి పొగ రంగు చూడండి. బానెట్ వేడిగా ఉందంటే మీకు ఆ చప్పుడు వినపడకుండా ఎవరో ముందే ఇంజన్ తిప్పి పెట్టారన్నమాట. మర్నాడు వస్తామని చెప్పి బస్సెక్కండి.