ఊరికొక రొట్టె

అమెరికా భోజనం అనగానే చాలామందికి బర్గరు, పిజ్జా, శీతల పానీయం మాత్రమే స్ఫురిస్తాయి. ఆ దేశానికి సొంత వంటే లేదని తీర్మానించేవారూ ఉన్నారు. ఈ అభిప్రాయం రహదారి పక్కన పుట్టినదే కాని, ఊళ్ళలోని వంటిళ్ళను చూసి ఏర్పడినది కాదు. ఆ విశాల దేశంలో ప్రాంతానికొక రొట్టె ఉంది. ప్రతి రొట్టె వెనుక కొందరు మనుషుల కష్టసుఖాలు ఉన్నాయి.

ఈశాన్యంలోని న్యూ ఇంగ్లండులో తొలి వలసదారులకు గోధుమ సరిగా పండలేదు. వారు మొక్కజొన్నపిండి, రైపిండి, కొద్దిపాటి గోధుమపిండి కలిపి, చెరకు మడ్డి చేర్చి, ఆవిరిపై ఉడికించి రొట్టె చేసుకున్నారు. కొరత నేర్పిన వంట అది. దక్షిణ రాష్ట్రాల మొక్కజొన్న రొట్టెలో ఆదివాసుల పంట ఉంది. బానిసత్వంలో మగ్గిన ఆఫ్రికన్ల చేతి నైపుణ్యం ఉంది. లూసియానాలో వండే గంబో అనే పులుసుకు ఆ పేరు ఆఫ్రికా భాషలలోని బెండకాయ పేరునుండి వచ్చిందని పండితులు చెబుతారు.

1849లో బంగారం కోసం జనం కాలిఫోర్నియాకు పరుగెత్తినప్పుడు, శాన్‌ఫ్రాన్సిస్కోలో పులిసిన పిండి రొట్టెకు పేరు వచ్చింది. పాలకు తోడు వేసినట్లుగా, నిన్నటి పిండిలో కొంత దాచి నేటి పిండిలో కలుపుతారు. ఆ పులుపుకు కారణమైన సూక్ష్మజీవిని 1971లో శాస్త్రజ్ఞులు వర్ణించి, దానికి ఆ నగరం పేరే పెట్టారు.

అన్ని రొట్టెల కథలూ తీయనివి కావు. 1864లో అమెరికా సైన్యం నవాహో ప్రజలను స్వస్థలాలనుండి వెళ్ళగొట్టి, వందల మైళ్ళు నడిపించి న్యూమెక్సికోలో నిర్బంధించింది. సొంత పంటలు దూరమైన ఆ తల్లులు, ప్రభుత్వం ఇచ్చిన పిండిని కొవ్వులో వేయించి బిడ్డల ఆకలి తీర్చారని వారి సంతతి చెప్పుకుంటుంది. 1868లో వారు తిరిగి తమ నేలకు చేరారు. ఆ వేపుడు రొట్టె నేటికీ కొందరికి గర్వకారణం, మరికొందరికి మానని గాయం.

1928లో మిస్సోరీ రాష్ట్రంలోని చిల్లికాతీలో యంత్రంతో ముక్కలు కోసిన రొట్టె అమ్మకానికి వచ్చింది. 1956 నాటి చట్టంతో మహా రహదారుల నిర్మాణం ఊపందుకుంది. ప్రయాణం వేగవంతమైంది; దారి పొడవునా ఒకే పేరు, ఒకే రుచి వెలిశాయి. అలసిన బాటసారికి, బీద కుటుంబానికి చవకగా, త్వరగా దొరికే ఆ భోజనం వల్ల మేలు జరిగిన మాట నిజమే. అయినా అదొక్కటే తిని వేయి మైళ్ళు తిరిగినవాడు, నిజానికి బయలుదేరిన చోటే ఉన్నట్లు లెక్క.

చదువు కోసం, ఉద్యోగం కోసం అమెరికా వెళ్ళే తెలుగు యువకులు ఈ విషయం గ్రహించాలి. ఆంధ్రుల వంటకు ప్రాణమైన మిరపకాయ అమెరికా ఖండంలో పుట్టి, పోర్చుగీసు వర్తకుల ద్వారా భారతదేశానికి చేరింది. ఒకప్పుడు పరాయిదైన కారమే ఇప్పుడు గుంటూరు సీమకు గుర్తింపు అయింది. కనుక పరుల వంటను తేలికగా చూడడమూ తగదు, సొంత జొన్నరొట్టెను, రాగిసంకటిని చూసి సిగ్గుపడడమూ తగదు. కొత్త ఊరికి వెళ్ళినవారు అక్కడి కట్టడాలతో పాటు అక్కడి రొట్టెనూ రుచి చూడాలి; దానిని మొదట ఎవరు, ఏ అవసరంతో కాల్చారో అడిగి తెలుసుకోవాలి. అప్పుడే ఆ ప్రయాణం సార్థకమవుతుంది.