కావలి పుట్టుకతో వస్తుంది, ఆగడం నేర్పాలి

విరుదునగర్ జిల్లాలో నరికుడి చుట్టుపక్కల మెట్టపొలాల్లో ఇల్లు కట్టుకున్నవాళ్లు కుక్కను ముచ్చట కోసం పెంచరు. రాత్రిపూట మేకల దొడ్డికి కాపలా కావాలి, బోరు మోటారు తీగకు కాపలా కావాలి. అందుకు ఈ జిల్లాలోనే పుట్టిన రాజపాళయం కుక్కను మించింది లేదని తెలుగిళ్లలోనూ తమిళ ఇళ్లలోనూ ఒకటే మాట. తెల్లటి ఒళ్లు, గులాబి రంగు ముక్కు, భుజం దగ్గర 65 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తు. తెలుగు నేల నుంచి వచ్చి రాజపాళయంలో స్థిరపడ్డ రాజులు సాకిన జాతిగా దీనికి పేరు. 2005లో తపాలా శాఖ దీని బొమ్మతో స్టాంపు కూడా వేసింది. అయితే ఈ కుక్కకు ఇంట్లో శిక్షణ ఇవ్వాలా, దాని మానాన దాన్ని వదిలేయాలా అన్న దగ్గర మాత్రం ఇళ్లు రెండు పక్షాలవుతాయి.

శిక్షణ వద్దనే పెద్దల మాటను కొట్టిపారేయలేం. కొత్తవాళ్లను అనుమానించడమే ఈ కుక్క పని. వచ్చినవాడల్లా తల నిమిరితే అది దొంగను చూసి కూడా తోక ఊపుతుందని వాళ్ల భయం. పైగా ఇది మనిషికి దూరంగా, పొదల్లో పందిని తరుముతూ, సొంతంగా తేల్చుకునేలా తరతరాలుగా ఎంపికైన జాతి. కూర్చో, లే అని పదేపదే చెబితే విసుగుపడుతుంది. కర్ర పట్టుకుని నేర్పబోతే బెదిరిపోయి ఎందుకూ పనికిరాకుండా పోతుంది. వీటన్నిటికంటే పెద్దది తీరిక సంగతి. తెల్లారకముందే పత్తి చేలోకో, కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకో బయల్దేరే ఇంట్లో కుక్కకు పాఠం చెప్పేదెవరు?

రెండో పక్షం వాదన కుక్కపిల్ల వయసు దగ్గర మొదలవుతుంది. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి కుక్కపిల్లలను గమనించి 1965లో పుస్తకం వేశారు. సుమారు మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా చూసినవాటినే పిల్ల మామూలు సంగతులుగా తీసుకుంటుందని వాళ్లు తేల్చారు. ఆ వారాల్లో కొత్త మొహం చూడని పిల్లకు పెద్దయ్యాక ప్రతి మొహమూ భయమే. అలాంటి కుక్క దొంగను పట్టుకోగలదేమో గానీ పోస్టుమాన్‌నీ, కరెంటు మీటరు చూసేవాణ్నీ, బంతి కోసం గోడ దూకిన పిల్లాణ్నీ కూడా కరుస్తుంది. చుట్టాలు గేటు బయటే నిలబడి "కుక్కను కట్టేశారా?" అని కేకేయాల్సి వచ్చే ఇల్లు చివరికి ఆ కుక్కను పగలూ రాత్రీ గొలుసుకే ఉంచుతుంది. కట్టేసిన కుక్క దొడ్డికి కాపలా కాయలేదు.

దీనికి తోడు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట ఆగిపోయింది. రాజపాళయానికీ, కుందేళ్ల వెంట పరిగెత్తే చిప్పిపారై, కన్ని కుక్కలకూ పాత పని పోయింది కానీ తరిమే గుణం పోలేదు. ఆ గుణం పక్కింటి మేక మీదికో, దారిన పోయే మోటారు సైకిలు మీదికో మళ్లుతుంది. అలా ఎవరికైనా దెబ్బ తగిలితే యజమాని నిర్లక్ష్యానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, అయిదు వేల దాకా జరిమానా ఉన్నాయి. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకపోవడం 1960 జంతు హింస నివారణ చట్టం ప్రకారం హింసే.

దేశవాళీ వేటకుక్కలు నేర్చుకోలేవన్న మాట నిలవదు. కర్ణాటక ముధోల్ కుక్కలను 2016లో మీరట్‌లోని సైనిక కేంద్రానికి తీసుకెళ్లి శిక్షణ ఇచ్చారు. కాకపోతే అక్కడ ఒక్కో కుక్కకూ ఒక మనిషి రోజంతా అంటిపెట్టుకుని ఉంటాడు. ఇంట్లో అది కుదరదు. అందుకే ఇంటి శిక్షణ చిన్నదిగా ఉండాలి. కావలి ఎలాగూ పుట్టుకతో వస్తుంది కాబట్టి దాన్ని నేర్పక్కర్లేదు. రమ్మంటే రావడం, ఆగమంటే ఆగడం, వదలమంటే వదలడం, ఈ మూడు చాలు. ఆగమంటే ఆగని ఎద్దును ఎవరూ బండికి కట్టరు.

సాయంత్రం కూడు పెట్టే వేళే బడి. గిన్నె చేతిలో పట్టుకుని "ఆగు" అనాలి. పిల్ల ఎగిరితే గిన్నె పైకి పోతుంది. నాలుగు కాళ్లూ నేలకు ఆనించి మన మొహంలోకి చూసిన క్షణాన గిన్నె కిందికి దిగుతుంది. కర్ర అక్కర్లేదు, అరుపు అక్కర్లేదు. రమ్మనడం నేర్పేటప్పుడు మెడపట్టీకి పొడుగాటి చేంతాడు కట్టి, మేకలు దూరంగా ఉన్నప్పుడే పిలవాలి, వచ్చినప్పుడల్లా ఎండుచేప ముక్క పెట్టాలి. తాత "ఆగు" అని, కోడలు "నిల్లు" అని, బడి పిల్లలు "స్టాప్" అని అంటే కుక్కకు ఏదీ పట్టుబడదు. ఇంటిల్లిపాదీ ఒక్క మాటకే కట్టుబడాలి.

ఈ జాతిలో పుట్టు చెవుడు తరచుగా కనిపిస్తుంది. పిల్లకు కనబడకుండా వెనక నిలబడి చప్పట్లు కొట్టి చూడాలి. చెవి కదలకపోతే పశువైద్యుడికి చూపించి, చేతి సైగలతో నేర్పాలి. కాలితో నేలను తట్టితే ఆ అదురుకు తిరిగి చూస్తుంది. మొండిదని దెబ్బలు తిన్న ఎన్ని తెల్ల కుక్కలు నిజానికి చెవిటివో అనిపించినప్పుడు బాధ కలుగుతుంది.

పెద్దల మాటలో నిలిచేవి రెండున్నాయి. ఊరందరి చేతా తల నిమిరించుకోవడం దీనికి అక్కర్లేదు, మనుషులను చూసి బెదరకుండా ఉంటే చాలు. దెబ్బలతో ఇది నేర్చుకోదన్నదీ నిజమే. తీరిక లేదన్న మాటకు మాత్రం నా జవాబు వేరు. రోజూ పొద్దున అరగంట, సాయంత్రం అరగంట ఇవ్వలేని ఇల్లు రాజపాళయం పిల్లను తెచ్చుకోకూడదు. ఆ ఇంటికి ఊళ్లో నలుగురి మధ్యా పెరిగిన మామూలు కుక్క చాలు, మేకలు కదిలితే అదీ మొరుగుతుంది.