ముందు బ్రేకంటే ఎందుకంత భయం?

'ముందు బ్రేకు ముట్టుకోకురా... బోర్లా పడతావ్!'

బండి నేర్చుకునే కుర్రాళ్లలో చాలామంది మొట్టమొదట వినే మాట ఇదే. నేర్పేది నాన్న కావచ్చు, బాబాయి కావచ్చు, పక్కింటి అన్నయ్య కావచ్చు. మాట మాత్రం మారదు. సైకిలు తొక్కే రోజుల్లో ముందు బ్రేకు పట్టి ఎగిరిపడ్డ అనుభవం ఇంటికొకరికైనా ఉంటుంది. ఆ భయమే మోటార్‌సైకిల్ మీదికీ ఎక్కింది. స్కూటర్ల కాలం దాన్ని ఇంకాస్త బలపరిచింది. చిన్న చక్రాలు, అంతంతమాత్రపు ముందు బ్రేకు... అప్పట్లో బండి ఆపడమంటే కాలితో తొక్కడమే. అందుకే పదేళ్లుగా బండి నడుపుతున్నా కుడిచేతి లీవరును మొక్కుబడిగా తప్ప వాడనివాళ్లు ఎందరో.

మామూలు రోజుల్లో దానివల్ల నష్టమేమీ కనిపించదు. సిగ్నల్ దగ్గర మెల్లగా ఆగడానికి వెనక బ్రేకు సరిపోతుంది. తేడా తెలిసేది సందులోంచి ఆటో దూసుకొచ్చినప్పుడు, డివైడర్ సందులోంచి గేదె అడ్డమొచ్చినప్పుడు!

బరువంతా ముందుకే

ఆర్టీసీ బస్సు డ్రైవరు సడన్ బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్లంతా ముందుకు తూలతారు కదా. బండి మీదా అదే జరుగుతుంది. బ్రేకు పడగానే బరువు ముందుకొచ్చి ముందు చక్రాన్ని రోడ్డుకు అదిమిపెడుతుంది. దాని పట్టు పెరుగుతుంది. వెనక చక్రం తేలికైపోతుంది, పట్టు తగ్గుతుంది. పొడి రోడ్డు మీద గట్టిగా ఆపాల్సి వస్తే ఆ పనిలో దాదాపు 70 శాతం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే ముందు చక్రం చేస్తుంది. మనం మాత్రం తేలికైపోయిన వెనక చక్రం మీద బలమంతా చూపిస్తాం. అది తిరగడం మానేసి కీచుమంటూ ఈడ్చుకుపోతుంది. రోడ్డు మీద నల్లటి చార పడుతుంది, బండి తోక ఊపుతుంది... వెళ్లే దూరం మాత్రం తగ్గదు.

కాస్త లెక్క చూద్దాం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదుట ఏదో ఉందని గుర్తించి చెయ్యీ కాలూ కదిపేసరికి ఒక సెకను పట్టిందనుకుందాం. బ్రేకు పడకముందే 17 మీటర్లు అయిపోయాయి. అక్కణ్నుంచి రెండు బ్రేకులూ సరిగ్గా వాడితే పొడి రోడ్డు మీద సుమారు 20 మీటర్లలో ఆగొచ్చు. వెనక బ్రేకు ఒక్కటే నమ్ముకుంటే దాదాపు 40 మీటర్లు కావాలి. ఆ తేడా ఇంచుమించు రెండు బస్సుల పొడవు! అదే వేగం 40 ఉంటే రెండు బ్రేకులతో 9 మీటర్లు చాలు.

ఈ జబ్బు మనవాళ్లకే పరిమితం కాదు. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో జరిగిన 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను హ్యారీ హర్ట్ బృందం ఘటనా స్థలాలకు వెళ్లి మరీ పరిశీలించింది. 1981లో వచ్చిన ఆ నివేదిక ప్రకారం వెనక చక్రాన్ని ఈడ్పించి, ముందు బ్రేకును చాలినంత వాడనివాళ్లే ఎక్కువ. తప్పించుకోవడానికి దొరికే సమయం సాధారణంగా రెండు సెకన్లలోపే. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే.

నిమ్మకాయ పిండినట్టు...

మరి బోర్లా పడతామన్నది ఒట్టి మాటేనా? కాదు. లీవరును గుప్పున పట్టేస్తే బరువు ముందుకు రాకముందే చక్రం బిగుసుకుపోతుంది. బండి పక్కకి కూలబడుతుంది. తప్పు బ్రేకుది కాదు, పట్టిన తీరుది. యాక్సిలరేటర్ వదిలేసి, లీవరును మొదట కాస్త నొక్కి, ముందు భాగం కిందికి దిగినట్టు అనిపించగానే నిమ్మకాయ పిండినట్టు బలం పెంచుతూ పోవాలి. ఇదంతా అరక్షణం పని. కాలితో వెనక బ్రేకు తేలిగ్గా. హ్యాండిల్ నిటారుగా ఉండాలి. మోకాళ్లతో ట్యాంకును అదిమిపట్టాలి, లేకపోతే మన బరువంతా చేతుల మీదే పడుతుంది. చూపు గేదె మీద కాదు, దాని పక్కనున్న ఖాళీ మీద ఉండాలి. ఎటు చూస్తే బండి అటే పోతుంది మరి. చాలామంది మొదట చేసే పని క్లచ్ పట్టేయడం. ఇంజిన్ ఆగిపోతే ఆగిపోనీండి, అదో పెద్ద నష్టమా! క్లచ్ సంగతి చివర్లో చూసుకోవచ్చు.

ముందు చక్రం జారుతున్నట్టు అనిపిస్తే లీవరును చటుక్కున వదిలి మళ్లీ నెమ్మదిగా పట్టాలి. వెనక చక్రం సంగతి వేరు. అది జారి పక్కకి తిరిగాక ఒక్కసారిగా బ్రేకు వదిలితే టైరుకు మళ్లీ పట్టు దొరికి బండి మనిషిని విసిరికొడుతుంది.

ఇదంతా పొడి రోడ్డు కథ. కోతల కాలంలో రోడ్డు మీదే వడ్లు, మొక్కజొన్నలు ఆరబోస్తారు. గింజల మీద టైరు పడితే గోలీల మీద కాలేసినట్టే. ఇసుక, కంకర, తొలకరి జల్లుకు తేలే నూనె జిడ్డు కూడా అంతే. అక్కడ ఏ బ్రేకైనా సుతారంగానే వాడాలి. అసలు అక్కడికి చేరకముందే వేగం తగ్గించాలి.

ఏబీఎస్ ఉంటే?

చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ చరిత్రలో మనకు బాగా తెలిసిన పేరొకటి ఉంది. 1958లో బ్రిటన్‌లోని రోడ్ రీసెర్చ్ లేబొరేటరీ, విమానాల కోసం తయారైన ఇలాంటి పరికరాన్ని రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియార్‌కు బిగించి పరీక్షించింది. అది మార్కెట్లోకి రాలేదు. 1988లో బీఎండబ్ల్యూ ఆ పని చేసింది. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్ తప్పనిసరి చేశారు. చిన్నవాటికి ఏబీఎస్ కానీ, ఒక్కటి నొక్కితే రెండు చక్రాలకూ బ్రేకు పడే సీబీఎస్ కానీ ఉండాలన్నారు. ఏబీఎస్ పనిచేసేటప్పుడు లీవరు గడగడలాడుతుంది. చెడిపోయిందనుకుని వదిలేయకూడదు, గట్టిగా పట్టుకునే ఉండాలి. చాలా బండ్లకు అది ముందు చక్రానికే ఉంటుందన్నదీ గుర్తుంచుకోవాలి.

ఇక ట్యాంకు మీద బుడతడిని కూర్చోబెట్టుకుని వెళ్లే నాన్నలు. బ్రేకు ఎంత చక్కగా వేస్తే బిడ్డ అంత బలంగా హ్యాండిల్ మీదికి వెళ్తాడు. నాలుగేళ్లలోపు పిల్లలకు హెల్మెట్, నడిపేవారితో కలిపి కట్టే బెల్టు ఉండాలనీ, వేగం 40 దాటకూడదనీ 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది. 2023 ఫిబ్రవరి నుంచి అది అమల్లోకి వచ్చింది.

లైసెన్సు పరీక్ష అనగానే గుర్తొచ్చేది 8 అంకె. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో అత్యవసరంగా ఆపగలగడమూ పరీక్షాంశమే. 8 కోసం వారం రోజులు తిరిగేవాళ్లు ఆగడం కోసం ఒక్క పూటైనా కేటాయించరు. ఆదివారం పొద్దున్నే ఇసుక లేని ఖాళీ సిమెంటు నేల దొరికితే చాలు. హెల్మెట్, బూట్లు వేసుకుని, వెనక ఎవరినీ ఎక్కించుకోకుండా సుద్దముక్కతో గీత గీసి మొదట 20 వేగంలో, అలవాటయ్యాక 30లో, ఆ తర్వాత 40లో ఆగి చూడాలి. గీత దాటి బండి ఎంత దూరం పోతోందో అడుగులతో కొలిస్తే తేడా మీకే తెలుస్తుంది.

బయల్దేరేముందు లీవరు చూసుకోండి. పూర్తిగా నొక్కినా అది హ్యాండిల్‌కు తగలకూడదు. డ్రమ్ము బ్రేకయితే చక్రం దగ్గరి నట్టు బిగిస్తే సరిపోతుంది. డిస్కు బ్రేకు లీవరు స్పాంజిలా మెత్తగా లోపలికి పోతుంటే మెకానిక్‌కు చూపించాల్సిందే. ఒకే బండిని ఇంట్లో ఇద్దరు ముగ్గురు నడుపుతుంటే, అందరి వేళ్లకూ లీవరు అందుతోందో లేదో అప్పుడే చూసుకోవచ్చు.