ఉమ్మడి దావాకు ఉమ్మడి లెక్క

ఖబరస్తాన్ సరిహద్దు కోసమో, ఈద్గా స్థలం కోసమో, విద్యలో వాటా కోసమో మన సముదాయం న్యాయస్థానం మెట్లెక్కినప్పుడు దావా కాగితంపై కనిపించే పేర్లు నాలుగైదు మాత్రమే. ఆ దావాను నడిపించేది వందల ఇళ్ల చందా. జుమా నమాజు తరువాత తోపుడు బండి సోదరుడు వేసిన పది రూపాయల నోటు చివరికి ఏ స్టాంపుగా, ఏ వకీలు ఫీజుగా, ఏ బస్సు చార్జీగా మారిందో ఆయనకు తెలియజేసే ఏర్పాటు మనలో అనేక చోట్ల లేదు. ఈ లోపాన్ని చిన్న విషయంగా తీసిపారేయరాదని మా అభిప్రాయం. ఎందుకంటే లెక్క లేనిచోట అనుమానం పుడుతుంది, అనుమానం పుట్టినచోట చందా ఆగిపోతుంది, చందా ఆగినచోట న్యాయమైన దావా కూడా నడిమధ్యలో కుప్పకూలుతుంది.

మా ఏర్పేడు ప్రాంతానికి ఈ విషయం మరింత దగ్గరిది. తిరుపతికి, శ్రీకాళహస్తికి నడుమ నిన్నమొన్నటిదాకా రైల్వే స్టేషనుగా, మండల కేంద్రంగా మాత్రమే తెలిసిన ఈ ఊరి పరిసరాలకు ఐఐటీ, ఐసర్ వంటి జాతీయ విద్యాసంస్థలు వచ్చాయి. భూమికి విలువ వచ్చినప్పుడు సరిహద్దు తగాదా కూడా వెంట వస్తుంది. రాతకోతలు సరిగా లేని పాత ఖబరస్తాన్లు, దర్గా స్థలాలు మొదట చిక్కుల్లో పడతాయి. అప్పుడు శ్రీకాళహస్తి కోర్టుకో, తిరుపతి కోర్టుకో, అమరావతిలోని హైకోర్టుకో తిరగవలసింది మనమే. ఆ తిరుగుడు ఖర్చుకు ఇప్పుడే ఒక పద్ధతి ఏర్పరచుకోవడం వివేకం.

అనేకుల తరఫున కొందరు దావా వేసే మార్గాన్ని మన సివిల్ ప్రక్రియా స్మృతిలోని ఆర్డర్ 1, రూల్ 8 కల్పించింది. ఇందుకు కోర్టు అనుమతి తప్పనిసరి. సంబంధం ఉన్న వారందరికీ వాది ఖర్చుతోనే నోటీసు వెళ్లాలి, మనుషులు ఎక్కువైతే పత్రికా ప్రకటన ద్వారా ఇవ్వవచ్చు. దావాను వదులుకోవాలన్నా, రాజీపడాలన్నా మళ్లీ అందరికీ నోటీసు ఇవ్వవలసిందే. చివరికి వచ్చే డిక్రీ కోర్టుకు వచ్చిన వారికీ, రాని వారికీ సమానంగా వర్తిస్తుంది. ఓడినా గెలిచినా ఫలితం అందరినీ కట్టివేస్తున్నప్పుడు, ఆ ఫలితానికి అయిన ఖర్చు నలుగురి జేబుల్లోని చీటీలకే పరిమితం కావడం న్యాయమా అని మేము అడుగుతున్నాము.

వకీలును లెక్క అడగడం అమర్యాద అని మనలో ఒక భావన ఉంది. న్యాయవాదుల వృత్తి నియమాలు మాత్రం అలా అనడం లేదు. కక్షిదారు అప్పగించిన సొమ్ముకు న్యాయవాది లెక్క ఉంచాలని, అందిన ప్రతి మొత్తం ఫీజు కిందిదో ఖర్చు కిందిదో ఆ లెక్కలో తెలియాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు చెబుతున్నాయి. కక్షిదారు రాతపూర్వకంగా ఒప్పుకోనిదే ఖర్చుల కోసం ఇచ్చిన డబ్బును ఫీజు కింద జమ కట్టుకోరాదు. కక్షిదారు కోరితే లెక్క నకలు ఇవ్వాలి, నకలు ఖర్చు మనం భరించాలి. ఫీజు బాకీ ఉందన్న కారణంతో కేసు కాగితాలను తన వద్ద అట్టిపెట్టుకునే హక్కు న్యాయవాదికి లేదని ఆర్.డి. సక్సేనా కేసులో 2000లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నిజాయితీపరుడైన వకీలుకు ఈ నియమాలు భారం కావు. రేపు ఎవరైనా నింద వేస్తే ఆయనకు అండగా నిలిచేది ఆ లెక్కే.

గెలిస్తే ఇంత వాటా అన్న బేరం సంగతి కూడా చెప్పుకోవాలి. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు కుదుర్చుకోవడం, వచ్చిన దానిలో వాటా పంచుకోవడం మన దేశంలో న్యాయవాదికి నిషిద్ధం. అయినా నష్టపరిహారం కేసుల్లో ఈ నోటిమాట బేరాలు వినిపిస్తూనే ఉంటాయి. కాగితం మీద పెట్టలేని ఒప్పందానికి రసీదు ఉండదు, రసీదు లేనిచోట పేదవాడు అడిగే నోరు కోల్పోతాడు. 1984 డిసెంబరులో భోపాల్‌లో విషవాయువు ప్రాణాలు తీసిన తరువాత అమెరికా వకీళ్లు విమానాలెక్కి వచ్చి బాధితుల చేత వకాలత్ పత్రాలపై సంతకాలు, వేలిముద్రలు తీసుకున్న సంగతి దేశమంతా చూసింది. బాధితుల తరఫున దావా నడిపే అధికారాన్ని 1985 చట్టం ద్వారా కేంద్ర ప్రభుత్వమే తన చేతిలోకి తీసుకుంది. 1989లో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. తమ పేర నడిచిన ఆ బేరంలో తమ మాట వినలేదన్న బాధితుల ఆవేదన నేటికీ చల్లారలేదు. ప్రైవేటు వకీలైనా ప్రభుత్వమైనా, అందరి పేర నడిపే వారు అందరికీ జవాబుదారీ కావాలన్నదే అక్కడి పాఠం.

అదే అమెరికాలో మరో పార్శ్వం కూడా ఉంది. అక్కడి ఫెడరల్ సివిల్ నిబంధనల్లో రూల్ 23 క్లాస్ యాక్షన్ దావాలకు సంబంధించినది. వకీలు తన ఫీజు, ఖర్చుల కోసం కోర్టుకు దరఖాస్తు పెట్టుకోవాలి, ఆ సంగతి సభ్యులకు తెలియజేయాలి, ఏ సభ్యుడైనా ఆక్షేపణ చెప్పవచ్చు, జడ్జి కారణాలు రాసి మరీ మంజూరు చేయాలి. పౌరహక్కుల కేసుల్లో గెలిచిన పక్షానికి ఓడిన పక్షం నుంచి సమంజసమైన ఫీజు ఇప్పించే చట్టం 1976లో వచ్చింది. మిస్సోరీ రాష్ట్రంలో నిర్బంధ చికిత్సలో ఉన్న మానసిక రోగుల తరఫున నడిచిన హెన్స్‌లీ కేసులో 1983లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పిన మాట గమనించదగినది. పనిచేసిన గంటలకు ఆధారం చూపవలసిన బాధ్యత ఫీజు అడిగే వారిదే, రాత సరిగా లేకపోతే ఆ మేరకు కోత పెట్టవచ్చు. హక్కుల కోసం పోరాడిన వకీలుకు కూడా లెక్క విషయంలో మినహాయింపు లేదు.

మన తెలుగు నేల మీది సత్యం కంప్యూటర్స్ ఉదంతమే చూడండి. 2009 జనవరి 7న ఆ సంస్థ అధిపతి లెక్కల మోసాన్ని ఒప్పుకున్నాడు. అమెరికా మదుపరులు న్యూయార్క్‌లో క్లాస్ యాక్షన్ వేయగా, 2011లో సత్యం 12.5 కోట్ల డాలర్లకు, ఆడిట్ సంస్థలు 2.55 కోట్ల డాలర్లకు రాజీపడ్డాయి. ఇక్కడి చిన్న మదుపరుల తరఫున ఒక సంఘం జాతీయ వినియోగదారుల కమిషన్‌కు, సుప్రీంకోర్టుకు వెళ్లి వట్టి చేతులతో తిరిగి వచ్చింది. ఆ తరువాతనే 2013 కంపెనీల చట్టంలో 245వ సెక్షన్ చేరింది. ఉమ్మడి దరఖాస్తు ఖర్చును కంపెనీ గాని, అన్యాయానికి బాధ్యులైన వారు గాని భరించాలని ఆ సెక్షనే చెబుతోంది. వాటాదారులకు దక్కిన ఈ వెసులుబాటు ఖబరస్తాన్ కోసం దావా వేసే ఊరివారికి ఎందుకు ఉండకూడదని చట్టసభలను అడిగే హక్కు మనకు ఉంది.

అంతదాకా ఉన్న చట్టాన్నే వాడుకోవాలి. సివిల్ ప్రక్రియా స్మృతి 35వ సెక్షన్ ప్రకారం ఖర్చులు ఇప్పించడం కోర్టు విచక్షణ. పనికిమాలిన వాదనతో వేధించిన పక్షం నుంచి 35ఏ కింద ఇప్పించే పరిహారానికి పరిమితి మూడు వేల రూపాయలు. ఇది నేటి కాలానికి హాస్యాస్పదమైన మొత్తం. అయితే ఖర్చులంటే నిజంగా అయిన సమంజసమైన ఖర్చులని, కోర్టు ఫీజు, వకీలు ఫీజుతో పాటు ప్రయాణం, బస, టైపు ఖర్చులు కూడా అందులో వస్తాయని సేలం న్యాయవాదుల సంఘం కేసులో 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. టైపు చేసిన వారి చీటీ, బస్సు టికెట్టు, నకళ్ల రుసుము రసీదు దాచుకోని వారు దేన్ని చూపి అడుగుతారు? ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తా బల్ల ముందు జీవితం గడిపిన మాకు తెలిసిన సూత్రం ఒక్కటే: వోచరు లేని ఖర్చు ఆడిట్ దృష్టిలో జరగని ఖర్చు.

ఉమ్మడి వ్యాజ్యం ఎంత దూరం సాగుతుందో మన రిజర్వేషన్ల చరిత్రే చెబుతుంది. 2004 జూలైలో ఇచ్చిన ఐదు శాతం ఉత్తర్వును అదే ఏడాది సెప్టెంబరులో హైకోర్టు కొట్టివేసింది. 2005 చట్టం కూడా అదే దారి పట్టింది. నాలుగు శాతం కల్పించిన 2007 చట్టాన్ని 2010 ఫిబ్రవరిలో ఏడుగురు జడ్జీల ధర్మాసనం కొట్టివేయగా, మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది నిలిచింది. ఆ ఉత్తర్వు నీడలో మన పిల్లలు ఎందరో డాక్టర్లు, ఇంజనీర్లు అయ్యారు. అది సాంకేతికంగా ప్రాతినిధ్య దావా కాకపోయినా సముదాయమంతటి దావా. ఆ ఏళ్లలో ఊరూరా ఇచ్చిన చందాల పుస్తకాన్ని నేడు ఎన్ని పట్టణాల కమిటీలు తెరిచి చూపగలవు?

లెక్క బయటపెడితే ఎదుటి పక్షానికి మన గుట్టు తెలుస్తుందని కొందరు పెద్దల వాదన. ఏ వాదన ఎప్పుడు వినిపిస్తామన్నది గుట్టు. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది అన్నవి గుట్టు కావు. పెద్దమనుషులను అనుమానించడం తగదని మరికొందరు అంటారు. ఖుర్ఆన్‌లోని అతి దీర్ఘమైన ఆయత్ అప్పు వ్యవహారాన్ని సాక్షులతో రాసిపెట్టుకోవడం గురించి చెబుతుంది. నమ్మకమైన విశ్వాసుల మధ్య వ్యవహారానికే ఆ ఆదేశం వచ్చిందని మరువరాదు.

కాబట్టి ప్రతి జమాత్‌కు మా సూచనలు ఇవి. దావాకు విడిగా బ్యాంకు ఖాతా తెరవండి, ఇద్దరి సంతకాలు ఉండాలి. వకీలుతో ఫీజు ఒప్పందం రాతలో ఉండాలి, ఏ దశకు ఎంత, అందులో జూనియర్ల ఫీజు కలిసిందా లేదా అన్నది స్పష్టం కావాలి. ఫీజుకు వేరు, ఖర్చులకు వేరు రసీదు తీసుకోండి. ప్రతి వాయిదాకు తేదీ, వెళ్లినవారు, జరిగిన పని, అయిన ఖర్చు ఒక వరుసలో రాయండి. ఉచితంగా వాదించిన వకీలు శ్రమను కూడా సున్నా రూపాయలని చూపి రాయండి, ఆయన మేలు తరువాతి తరానికి తెలుస్తుంది. మూడు నెలలకొకసారి లెక్కను మస్జిదు గోడకు అతికించండి. ఇంటి ఖర్చులో మిగిల్చి చందా ఇచ్చిన మన అక్కచెల్లెళ్లకు కూడా ఆ కాగితం చేరేలా చూడండి.

కింది కోర్టు డిక్రీపై హైకోర్టుకు అప్పీలు వేసుకోవడానికి ఉన్న గడువు తొంభై రోజులు. ఓడిన బాధలో ఉన్న ఊరి వద్దకు ఆ తొంభై రోజుల్లో మళ్లీ చేయి చాచి వెళ్లాలి. మొదటి చందా ఏమైందని అప్పుడు ఎవరో ఒకరు అడిగి తీరతారు. ఆ ప్రశ్నకు కమిటీ వద్ద పుస్తకం ఉంటే అప్పీలు నిలుస్తుంది.